దయ్యానికీ ఒక కట్టుబాటు: పిల్లల మాయల కథల్లో భయం ఎలా పనిచేస్తుంది

సంక్షిప్తంగా

పిల్లల కోసం రాసే మాయల కథను నిలబెట్టేది మంత్రానికి ఉన్న హద్దు. ఆ హద్దు పాఠకుడికి ముందే తెలియాలి, కథ దాన్ని చివరిదాకా మీరకూడదు. భయానకానికి అద్భుతం తోడు కావాలి, బీభత్సం దగ్గరికి రాకూడదు. బాణామతి (చేతబడి లాంటి క్షుద్రవిద్య) అనుమానంతో మనుషుల మీద దాడులు జరిగే ప్రాంతంలో రాస్తున్నప్పుడు, కథలోని మాంత్రికుడు చూడటానికి ఎవరిలా ఉన్నాడన్నది కథనమంత ముఖ్యం.

పుస్తకం వద్దు, ఫోను సరే

హైదరాబాద్‌లో శీతాకాలంలో జరిగే పుస్తక ప్రదర్శనలో, పిల్లల పుస్తకాల స్టాళ్ల దగ్గర ఒక దృశ్యం మామూలుగా కనిపిస్తుంది. పదేళ్ల పిల్ల అట్ట మీద దయ్యం బొమ్మ ఉన్న పుస్తకం అందుకుంటుంది. "అది వద్దు బిడ్డా, రాత్రి జడుసుకుంటవ్" అని తల్లి నీతికథల పుస్తకం చేతిలో పెడుతుంది. అదే పిల్ల ఇంటికి వెళ్లాక ఫోనులో పెద్దల కోసం తయారైన దయ్యాల వీడియోలు చూస్తుంది. పిల్లలకు భయం కథలు తగవన్న నమ్మకం వల్ల వారి వయసుకు తగినట్టు రాసినవి అరుదుగా దొరుకుతున్నాయి. తగనివి మాత్రం అడక్కుండానే అందుతున్నాయి.

ఈ రెండు భయాలూ ఒకటి కావు. వీడియో ఎక్కువగా ఉలికిపాటు మీద ఆధారపడుతుంది. నిశ్శబ్దం తర్వాత హఠాత్తుగా పెద్ద శబ్దం వస్తే ఏ వయసువారైనా అదిరిపడతారు. అది శరీరం చేసే పని, ఊహతో దానికి సంబంధం తక్కువ. అచ్చులో ఉన్న కథకు ఆ సౌకర్యం లేదు. రాబోయేదాన్ని పాఠకుడు ముందే ఊహించి భయపడితేనే కథ పనిచేస్తుంది. పైగా పుస్తకంలో వేగం పిల్లల చేతిలోనే ఉంటుంది. భయం ఎక్కువైతే వేలు పెట్టి పుస్తకం మూసి, అమ్మ వంటింట్లో ఉందో లేదో చూసుకుని, మళ్లీ తెరవొచ్చు. అంటే భయాన్ని కొలత ప్రకారం తీసుకోవడం పుస్తకమే నేర్పుతుంది.

మూడు రసాల లెక్క

భయం కథ అనగానే అన్నింటినీ ఒకే మూటలో కట్టడం వల్ల గందరగోళం మొదలవుతుంది. నాట్యశాస్త్రం ఈ మూటను చాలా ముందే విప్పి పెట్టింది. భయానకానికి స్థాయీభావం, అంటే మూలంగా నిలిచే భావం, భయం; అద్భుతానికి విస్మయం, బీభత్సానికి జుగుప్స. మూడూ వేర్వేరు రసాలు. పిల్లల మాయల కథకు కావలసినవి మొదటి రెండు.

ఒకే సన్నివేశాన్ని మూడు రకాలుగా చూస్తే తేడా తెలుస్తుంది. వాడకం లేని చేదబావి. పైన బండరాయి కప్పి ఉంది. రాత్రి ఆ బండ బెత్తెడు పక్కకు జరిగింది, ఎవరూ జరపలేదు. ఇది భయానకం. సందులోంచి తొంగిచూస్తే లోపల నీళ్లకు బదులు నక్షత్రాలు కనిపించాయి. ఇది అద్భుతం. లోపలి నుంచి కుళ్లిన చెయ్యి పైకి వచ్చింది. ఇది బీభత్సం. మొదటిది ప్రశ్న వేసింది, రెండోది ఆ ప్రశ్నను పెద్దది చేసింది. మూడోది ప్రశ్నను చంపేసింది. చెయ్యి కనిపించాక పిల్లవాడికి ఆలోచించడానికేమీ మిగలదు, ముఖం తిప్పుకోవడం తప్ప. రక్తం, పుర్రెలు, తెగిన తలలు గుప్పించిన కథలు తొందరగా చప్పబడటానికి కారణం ఇదే. జుగుప్సకు అలవాటు పడటం తేలిక. అందుకే ప్రతి పేజీలోనూ దాని మోతాదు పెంచుకుంటూ పోవాల్సి వస్తుంది.

వయసును బట్టి మోతాదు మారుతుంది. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలకు దయ్యం కన్నా అమ్మానాన్నలు కనిపించకపోవడం పెద్ద భయం. చీకటిగదిలో ఒంటరిగా మిగిలిపోయే సన్నివేశం వారికి భరించలేనిది. ఆ వయసుకు మూడు నుంచి ఐదు వందల పదాల కథ చాలు. భయపెట్టినది చివరికి స్నేహితుడు కావాలి, కథను పెద్దవారు పక్కన కూర్చుని చదివి వినిపించాలి. ఎనిమిది నుంచి పదేళ్ల వారికి ఎనిమిది వందల నుంచి పన్నెండు వందల పదాలు, అందులో రెండు భయపు శిఖరాలు సరిపోతాయి. ప్రతి శిఖరం తర్వాత ఊపిరి పీల్చుకునే చోటు ఉండాలి. అన్నం తినడమో, తమ్ముడితో తగవో, ఏదో ఒక మామూలు పని. ఈ మామూలు పని రాయడానికి రచయితలు బద్ధకిస్తారు. అది లేకపోతే రెండో శిఖరానికి ఎత్తే ఉండదు. పదకొండేళ్లు దాటినవారు ప్రకరణాలుగా సాగే పెద్ద కథను, కొంత తేలని ముగింపును కూడా తట్టుకుంటారు.

పాదలేపనం కరిగిపోతేనే కథ

మాయల కథలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. మాంత్రికుడు ఏమైనా చేయగలడని రాస్తే భయం పెరుగుతుందని కొత్త రచయితలు అనుకుంటారు. జరిగేది దానికి వ్యతిరేకం. ఏదైనా జరగవచ్చంటే పాఠకుడు దేని కోసమూ ఎదురుచూడలేడు. ఎదురుచూపు లేనిచోట భయం లేదు.

తెలుగు సాహిత్యానికి ఈ రహస్యం బాగా తెలుసు. మనుచరిత్రలో ప్రవరుడికి సిద్ధుడు పాదలేపనం ఇస్తాడు. అది పూసుకుని హిమాలయాలకు ఎగిరిపోతాడు. మంచు తగిలి లేపనం కరిగిపోతుంది, తిరిగి ఇల్లు చేరే దారి మూసుకుపోతుంది. అసలు కథ అక్కడే మొదలవుతుంది. లేపనం కరగకపోతే ప్రవరుడు సాయంత్రానికి ఇల్లు చేరి సంధ్య వార్చుకునేవాడు. మాయ చేసిన మేలు కన్నా, మాయ ఆగిపోయిన క్షణమే కథను పుట్టించింది.

హిరణ్యకశిపుడి వరం కూడా షరతుల జాబితాయే. పగలు కాదు, రాత్రి కాదు, ఇంటా కాదు, బయటా కాదు. విన్న ప్రతి పిల్లవాడూ మనసులో ఆ జాబితాలో సందు వెతుకుతాడు. గడప, సంధ్యవేళ అన్న జవాబు వచ్చినప్పుడు కలిగే సంతోషం లెక్క సరిపోయినప్పటి సంతోషం లాంటిది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఎంత భయంకరుడైనా, చంపడానికి ఒక చోటు ఉందని వినేవారికి తెలుసు. అందుకే అంత పొడవు కథనూ కూర్చుని విన్నారు.

1990ల్లో తెలుగు ఊళ్లలో ఇళ్ల గోడల మీద, తలుపుల మీద కనిపించిన "ఓ స్త్రీ రేపు రా" అన్న రాత ఇంకా గట్టి ఉదాహరణ. రాత్రి తలుపు తట్టే దయ్యం ఆ రాత చదివి వెళ్లిపోతుందని, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుతుందని జనం చెప్పుకున్నారు. కథగా చూస్తే నాలుగు పదాల్లో ఎంత పకడ్బందీ ఏర్పాటో గమనించాలి. దయ్యానికి చదువు వచ్చు. అది మాటకు కట్టుబడుతుంది. "రేపు" ఎప్పటికీ రేపే. కాపాడుతున్నది ఒక బొగ్గుముక్కో సుద్దముక్కో, వానకు చెరిగిపోయే రాత. ఆ చివరి సంగతిలోనే భయమంతా ఉంది. వాన పడిన రాత్రి ఏమవుతుందన్న ప్రశ్నను ఎవరూ అడగక్కర్లేదు, వినేవాడికి అదే తడుతుంది.

కాబట్టి కథ రాసే ముందు నాలుగు సంగతులు తేల్చుకోవాలి. ఆ మాయ ఏం చేయగలదు, ఏం చేయలేదు, వాడినవాడు ఏం పోగొట్టుకుంటాడు, ఎలా ఆగుతుంది. ఒక్కోదానికి ఒక్కో వాక్యం. నాలుగో దానికి రెండు వాక్యాలు పట్టిందంటే ఏర్పాటు చిక్కుపడిందని అర్థం. వెయ్యి పదాల కథలో ఈ నియమం మొదటి రెండు వందల యాభై పదాలు పూర్తయ్యేలోగా పాఠకుడి చెవిన పడాలి. మొదటిసారి భయం లేని సందర్భంలో, వీలైతే ఆటలా కనిపించాలి. రెండోసారి దాని వల్ల చిన్న నష్టం జరగాలి. మూడోసారి ప్రాణం మీదికి రావాలి. నియమాన్ని ఆఖరి పేజీలో బయటపెడితే పిల్లలు మోసపోయినట్టు భావిస్తారు, ఆ భావన సరైనదే.

గోల్కొండలో ఒక లెక్క

హైదరాబాద్ పిల్లల్లో చాలామంది బడితో కలిసి గోల్కొండ చూసి ఉంటారు. ఫతే దర్వాజా కింద ఒకచోట నిలబడి చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరంలో కొండ మీదున్న బాలా హిసార్ దగ్గర వినిపిస్తుంది. ఇది కట్టడం గొప్పదనం, నిజం. ఈ నిజం మీద ఒక కథ కట్టి చూస్తే పై నియమాలు ఎలా పనిచేస్తాయో తెలుస్తుంది.

అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు, పదకొండేళ్లది, బడి పిల్లలతో కోటకు వెళ్లింది. దర్వాజా కింద ఒక్కసారి చప్పట్లు కొడితే పైనుంచి ఎవరో తిరిగి కొట్టారు. మిగతావారు ప్రతిధ్వని అనుకున్నారు. నియమం ఇది: పైన పాత కాపలావాడు ఒకడున్నాడు. కింది నుంచి వచ్చిన ప్రతి సంకేతానికీ అతను జవాబివ్వాలి, ఒక మెట్టు దిగాలి. పొద్దు గుంకితే మళ్లీ పైకి చేరతాడు. పొద్దు గుంకేలోగా చివరి మెట్టు దిగగలిగితే, ఆఖరిసారి చప్పట్లు ఎవరివో వారికి కాపలా అప్పజెప్పి తాను వెళ్లిపోతాడు.

కథలో మెట్లు వంద అనుకుందాం. గైడు ఆరుసార్లు కొట్టి చూపించాడు. నలభైమంది పిల్లలు తలా ఒకసారి కొట్టారు. నలభై ఆరు మెట్లు పోయాయి, యాభై నాలుగు మిగిలాయి. ఇంకా గంట పొద్దుంది. గేటు దగ్గర ఇంకో బడి బస్సు ఆగింది, అందులోంచి అరవైమంది దిగుతున్నారు. ఇక్కడ రచయిత "భయంకరంగా" అన్న మాట వాడాల్సిన పనే లేదు. పాఠకుడు తీసివేత చేసుకుంటాడు, గుండె దానంతటదే కొట్టుకుంటుంది.

బయటపడే దారి కూడా నియమంలోంచే రావాలి. తర్వాతి మనిషి రాకపోతే తన తండ్రి డ్యూటీ దిగలేడని ఆ పిల్లకు తెలుసు. పండగరోజు అన్నం వాచ్‌మన్ గదిలోనే తిన్న సందర్భం కథ మొదట్లో ఒక వాక్యంలో వచ్చి ఉంటుంది. కాబట్టి అందరికీ తట్టని ప్రశ్న ఆమెకు తడుతుంది: ఇతను ఇంకా దేనికి కాపలా కాస్తున్నాడు? 1687లో కోట ఔరంగజేబు వశమైంది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చప్పట్లతో పిలిస్తే అతను దిగుతాడు, అందుకే పిలవకుండా తనే మెట్లెక్కి వెళ్లి చెప్పాలి. ప్రమాదం వస్తున్న వైపుకే నడవాలి.

ఇందులో రక్తం లేదు, దుర్మార్గుడు కూడా లేడు. అయినా భయం ఉంది, ఎందుకంటే పోగొట్టుకునేది పెద్దది: ఇంటికి వెళ్లే హక్కు. పదకొండేళ్ల పిల్లలకు చావు కన్నా ఇది బాగా అర్థమవుతుంది. పరిష్కారం ఆ పిల్ల బతుకులోంచే వచ్చింది. పూజారో, బాబానో, పోలీసో చివర్లో వచ్చి కాపాడితే ఈ కథంతా వృథా అయ్యేది. "అదంతా కల" అని తేల్చినా అంతే.

తెలుగు వాక్యం దాచగలిగేది

అనువాదపు భయం కథలు తెలుగులో పేలవంగా ఉండటానికి ఒక కారణం, తెలుగు వాక్యానికి ఉన్న బలాలను వాడుకోకపోవడం. "వచ్చింది" అన్న క్రియకు ఆడమనిషి, జంతువు, వస్తువు అన్న తేడా లేదు. "గుమ్మం దాకా వచ్చింది. ఆగింది. మళ్లీ వెనక్కి పోయింది." కర్త చెప్పకపోయినా వాక్యం నిండుగానే ఉంది. వచ్చింది పిల్లా, పిల్లి పిల్లా, మరేదన్నానా అన్నది పాఠకుడికి వదిలేసింది. ఇన్ని వాక్యాలు కర్త లేకుండా నడపడం ఇంగ్లీషు లాంటి భాషల్లో కుదరదు. మగ దయ్యం అయితే "వచ్చాడు" అనగానే గుట్టు బయటపడుతుంది. అప్పుడు శబ్దాన్నో వెలుగునో కర్తను చేయాలి: "అడుగుల చప్పుడు వచ్చింది."

హైదరాబాద్ వాడుకలో పెద్ద ఆడవారికి "వచ్చారు" అంటారు, చనువుగా "వచ్చింది" అంటారు. నాయనమ్మ గురించి అప్పటిదాకా "వచ్చింది" అన్న కథనం ఒక పేజీలో హఠాత్తుగా "వచ్చారు" అని మారితే, ఆ గదిలో ఉన్నది నాయనమ్మ కాదేమోనన్న అనుమానం ఒక్క క్రియ మార్పుతో పుడుతుంది.

క్రియకు చివర చేరే "ట" మరో పనిముట్టు. "ఆ ఇంట్లో దీపం తనంతట తనే వెలిగేదట" అంటే ఎవరో చెప్పగా విన్న మాట, దూరంగా ఉంది. చిన్నపిల్లల కథను ఈ "ట"తో నడిపితే భయానికి కంచె వేసినట్టవుతుంది. పెద్ద పిల్లల కథలో మొదట "ట"తో నడిపి, సరిగ్గా కావలసిన చోట దాన్ని తీసేయాలి: "దీపం వెలిగింది." కంచె తీసేసిన సంగతి చదివేవారి చెవికి తెలుస్తుంది.

శబ్దానుకరణ పదాలు తెలుగులో కొల్లలు, అందుకే అతిగా వాడతారు. కిర్రుమనడం, గలగలలాడటం, గుసగుసలు ఒకే పేరాలో కుమ్మరిస్తే అది సంత అవుతుంది. ఒక కథకు ఒక శబ్దం ఎంచుకుని, అది మూడుసార్లు వినిపించేలా చూస్తే చాలు. తెల్లచీర, గజ్జెల చప్పుడు, మల్లెపూల వాసన సినిమాల్లో అరిగిపోయాయి. నగరంలో పెరిగే పిల్లకు తెలిసిన శబ్దాలు వేరే ఉన్నాయి. నీళ్లు రాని రోజున నల్లాలో నీళ్ల చప్పుడు. ఎవరూ బటన్ నొక్కకుండా తమ అంతస్తులో ఆగిన లిఫ్టు. కరెంటు పోయాక కూడా ఆగని మోటారు. ఇవి ప్రతి రాత్రీ ఆ పిల్ల వినే శబ్దాలే. కథ వాటిని ఒక్క పిసరు పక్కకు జరుపుతుంది.

చెట్ల విషయం కూడా ఇలాంటిదే. చింతచెట్టు అనగానే దయ్యం అని రాయడం అలవాటు. హైదరాబాద్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చినప్పుడు దాదాపు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని బతికారు. చింతచెట్టు మీద ఎవరో ఉన్నారన్న పాత భయాన్ని ఈ చరిత్ర పక్కన పెడితే, కొత్త కథకు దారి కనిపిస్తుంది.

మాంత్రికుడు ఎవరిలా ఉన్నాడు

ఈ అంశాన్ని తేలిగ్గా వదిలేయకూడదు. మాయల కథ ఎక్కడైనా ఊహే. కానీ తెలంగాణలో చేతబడి, బాణామతి అన్న మాటలు కథల్లోనే లేవు. ఊళ్లో పశువు చచ్చినా, పిల్లకు జ్వరం తగ్గకపోయినా, ఫలానా ముసలామె చేసిందన్న అనుమానం మొదలై కొట్టడాల దాకా, చంపడాల దాకా పోయిన ఘటనలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. హత్యలకు కారణాలను నమోదు చేసేటప్పుడు జాతీయ నేర గణాంకాల సంస్థ మంత్రవిద్య అనుమానానికి విడిగా ఒక వరుసే కేటాయించింది. సరిహద్దు రాష్ట్రాల్లో మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి దురాచారాల మీద చట్టాలు చేశాయి. మహారాష్ట్రలో ఆ చట్టం కోసం ఏళ్ల తరబడి పోరాడిన నరేంద్ర దభోల్కర్ 2013 ఆగస్టు 20న పుణెలో హత్యకు గురయ్యాక గానీ అది రాలేదు.

ఇప్పుడు మామూలు కథల్లో మాంత్రికుల పోలికలు చూస్తే ఒక వరుస కనిపిస్తుంది. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలి వితంతువు. అడవి నుంచి వచ్చిన కోయదొర. ఫకీరు. గూనివాడు, ఒంటికన్నువాడు. నిజజీవితంలో అనుమానం ముందుగా ఎవరి మీద పడుతుందో, కథల్లో దుర్మార్గులు కూడా వారే. పాత జానపదాలను ఇప్పుడు తిరగరాసేటప్పుడు ఈ పోలికలు అలాగే దిగుమతి అవుతాయి. రచయిత ద్వేషంతో రాసి ఉండకపోవచ్చు. అయినా పక్కింటి పిల్ల ఎదురింటి అవ్వను ఆ కళ్లతో చూడటం మొదలుపెడుతుంది. మతాలన్నీ కలిసి చదివే తరగతిలో ఫకీరు పేరున్న పిల్లవాడి పరిస్థితి ఊహించడం కష్టం కాదు.

దీనికి మార్గం కష్టమైనదేమీ కాదు. ప్రమాదాన్ని మనిషి మీద కాకుండా వస్తువు మీద, చోటు మీద, చేసుకున్న ఒప్పందం మీద పెట్టవచ్చు. మనిషే కావాలంటే అతనికి కులం, మతం, వైకల్యం, ముసలితనం గుర్తులుగా వాడకుండా ఒక కోరికను గుర్తుగా వాడాలి: అన్నీ తనకే కావాలనుకునేవాడు, ఎవరికీ సెలవివ్వనివాడు. అలాంటి మాంత్రికుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మంచి మాటలు మాట్లాడుతూ వస్తే భయం ఇంకా ఎక్కువ.

ముగింపులో గుట్టు విప్పాలా

తెలుగు బాలసాహిత్యంలో ఈ తగవు పాతది. దయ్యం చివరికి తెల్లదుప్పటి కప్పుకున్న దొంగ అని తేలాలని ఒక వాదన. ఊహకు అంత సంకెల అక్కర్లేదని ఇంకో వాదన. రెండింటినీ ఒకే కొలతతో తేల్చడం వల్లే ఇది తెగడం లేదు. జనం నిజంగా నమ్మి నష్టపోయే విద్య కథలోకి వస్తే గుట్టు విప్పి తీరాలి. చేతబడి, బాణామతి, అంజనం వేసి దొంగను పట్టడం, తాయెత్తుతో రోగం నయం చేయడం ఇందులోకి వస్తాయి. ఎవరూ నమ్మి మోసపోని మాయను మాయగానే వదిలేయవచ్చు. చప్పట్లకు బదులిచ్చే కాపలావాడిని నమ్మి ఎవరూ ఎవరినీ కొట్టరు.

గుట్టు విప్పడం అంటే ఉపన్యాసం ఇవ్వడం కాదు. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఊళ్లలో చేసి చూపించే ప్రదర్శనల్లో ఒక కిటుకుంది: ముందు అద్భుతాన్ని పూర్తిగా చూపించి, జనం నోరు తెరిచాక కారణం చెబుతారు. కథా అలాగే నడవాలి. ఉదాహరణకు దిష్టి తీసే ఎర్రనీళ్లు. పసుపు కలిపిన నీళ్లలో తాంబూలపు సున్నం చిటికెడు వేస్తే ఎర్రబడతాయి. అందులో నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకు తిరుగుతాయి. సున్నం క్షారం, నిమ్మరసం ఆమ్లం, పసుపులోని రంగు రెండింటికీ వేర్వేరుగా స్పందిస్తుంది. నీళ్లు రక్తమయ్యాయని ఊరిని బెదిరించినవాడిని, వంటింటి నిమ్మచెక్కతో ఒక పిల్ల ఓడించవచ్చు. సున్నం కళ్లలో పడితే చూపుకే ప్రమాదం, కాబట్టి ఆ పని పెద్దవారి ముందు జరిగేలా రాయాలి.

ఈ జాగ్రత్త కథలో మాయకు వాడే సామగ్రి అంతటికీ వర్తిస్తుంది. చదివింది చేసి చూడటం పిల్లల స్వభావం. మాంత్రికుడు ఉమ్మెత్త గింజలు నూరాడనో, గన్నేరు ఆకు నమిలాడనో రాస్తే అవి రెండూ విషాలు, రెండూ కాలనీల్లో దొరికేవే. అగ్గిపుల్ల లేకుండా మంట లేపే రసాయనాల పేర్లు, మెడకు తాడు, బావిలోకి దిగడం, నాలుక మీద కర్పూరం వెలిగించడం కథలో ఉండకూడదు. మాయ సామగ్రి దొరకనిదై ఉండాలి. మూడు అమావాస్యల మంచు, గడియారంలోంచి రాలిన నిమిషం, అబద్ధం చెప్పని వాడి నీడ. వినడానికీ ఇవే బాగుంటాయి.

బొమ్మ, పేజీ, మరునాటి పొద్దు

బొమ్మలు వేసేవారికి ఇవ్వాల్సిన సూచన ఒకటే ముఖ్యం: దయ్యం ముఖం గీయొద్దు. నీడ, సగం తెరిచిన తలుపు, తడి అడుగులు గీస్తే చాలు. ముఖం గీస్తే ఎనిమిదేళ్ల పిల్లకు ఆ బొమ్మే గుర్తుంటుంది, కథ పోతుంది. భయపు వాక్యం కుడిచేతి పేజీ అడుగున ముగిసి, జవాబు పేజీ తిప్పాక రావాలి. అచ్చు పుస్తకం సాధారణంగా పదహారు పేజీల ఫారాలుగా తయారవుతుంది కాబట్టి, ఈ మలుపులు ఎక్కడ పడతాయో కంప్యూటర్లో పేజీలు అమర్చే డీటీపీ దశలోనే చూసుకోవాలి. తర్వాత ఒక్క బొమ్మ చేర్చినా అన్నీ జరిగిపోతాయి. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) టైపు చేసినదాన్ని యూనికోడ్‌లోకి మార్చాక వత్తులు మళ్లీ సరిచూడాలి. చదవడం నేర్చుకుంటున్న పిల్ల తప్పు వత్తు దగ్గర ఆగితే, అంతవరకూ కట్టిన ఉత్కంఠ అక్కడితో సరి.

అచ్చుకు ముందు ఐదారుగురు పిల్లలకు గట్టిగా చదివి వినిపించడం కన్నా మంచి పరీక్ష లేదు. వెయ్యి పదాలకు సుమారు పది నిమిషాలు పడుతుంది. ఎక్కడ అటూ ఇటూ చూశారు, ఎక్కడ దగ్గరికి జరిగారు, ఎక్కడ "మరి అప్పుడు..." అని అడ్డొచ్చారు అన్నవి అంచులో రాసుకోవాలి. అడ్డొచ్చి అడిగిన ప్రశ్నల్లో సగం నియమంలో ఉన్న చిల్లుల గురించే ఉంటాయి: పొద్దు గుంకితే పైకి పోతాడన్నారు కదా, మబ్బు పడితే? ఆ ప్రశ్నకు కథలో జవాబు లేకపోతే రాయాలి. బాగుందా అని వెంటనే అడిగితే అందరూ బాగుందనే అంటారు. మర్నాడు పొద్దున ఆ పిల్లల ఇళ్లకు ఫోను చేసి రెండే అడగాలి: రాత్రి నిద్రపోయిందా, లేచాక ఆ కథ ఎవరికైనా చెప్పిందా. మొదటిదానికి లేదని వస్తే మోతాదు తగ్గించాలి. రెండోదానికి లేదని వస్తే నియమాన్ని మళ్లీ మొదటినుంచి రాసుకోవాలి.